ఏడు లోపు వాళ్లు

"ఆ చెంచా దేంట్లకెళ్లి తీసినవ్?"

మా అత్తమ్మ టీ గ్లాసు ముట్టుకోకుండానే అడిగింది. ఆమె కొడుకు మధు, అంటే మా ఆయన, చెంచా చేతిలో పట్టుకుని గ్లాసు వైపూ తల్లి వైపూ చూశాడు.

"దేంట్లకెళ్లి ఏందమ్మా? నీ టీ కలిపిన, అంతే."

"నీ టీ ముందు కలిపినవా, నాది ముందు కలిపినవా?"

"నాది."

"అంటే చక్కెర చెంచా తెచ్చి నా టీల పెట్టినవ్."

"చక్కెర కరిగిపోయింది గదనే. చెంచాకు తడి తప్ప ఏముంటది?"

"ఆ తడి చప్పగుందా, తియ్యగుందా?"

మధు చెంచాను నాలుకకు ఆనించుకుని చూశాడు. అది అతను చేసిన రెండో తప్పు. "జర తియ్యగనే ఉంది," అన్నాడు.

"ఇగ ఈ టీ గూడ నువ్వే తాగు."

"గింతదానికి గంత లొల్లా? దీనితోటి నీ షుగరు ఆకాశానికి పోతదా?"

"ఒక్క మార్కుతోటి తప్పినోన్ని పాసయిండని రాస్తమారా? కొలతంటే కొలతే."

నేను ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఆదివారం మధుకు వారంలో ఉన్న ఒకే ఒక్క సెలవు. మిగతా ఆరు రోజులూ మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో లారీల లోడింగు చూస్తాడు. ఆ ఒక్క రోజు నిద్ర లేచి అందరికీ తానే టీ పెట్టాడన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు. చర్చి గంట మోగేదాకా వాదన నడిచింది. ఆ తర్వాత తల్లీకొడుకులు ఒకే బండి మీద ఆరాధనకు వెళ్లారు, మాట్లాడుకోకుండా.

మా అత్తమ్మ పేరు సువార్తమ్మ. కోదాడలో ఆ పేరు చెబితే ఎవరికీ తెలియకపోవచ్చు కానీ, హుజూర్‌నగర్ టీచరమ్మ అంటే కూరగాయల మార్కెట్టులో కూడా తెలుస్తుంది. అక్కడి సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయి, మాతో ఉండడానికి కోదాడ వచ్చింది. షుగరు ఆమెకు ఉద్యోగంలో ఉన్నప్పుడే వచ్చింది. అప్పట్లో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది మా ఊరి దవాఖానే. అది కూడా నిరుటి నుంచే.

ఆ దవాఖాన హుజూర్‌నగర్ రోడ్డు మీద ఉంది, భిక్షపతి డాక్టరు గారిది. అంతకు ముందు అక్కడికి వెళితే ఆయన చీటీ చూసేవారు, మనిషిని చూసేవారు కాదు. అవే గోళీలు మళ్లీ రాసేవారు. నిరుడు హైదరాబాదు ట్రస్టు ఒకటి ఆయనతో ఒప్పందం చేసుకుంది. ఎంతమందిని చూశారని కాదు, ఎంతమందికి షుగరు అదుపులో ఉందో చూసి డబ్బులిస్తారట. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్ష ఒకటుంది. అందులో ఏడు లోపు వస్తే ఆ మనిషి బాగున్నట్టు లెక్క. నూటికి డెబ్బై మంది ఏడు లోపు ఉంటే డాక్టరుకూ, నర్సుల జీతాలకూ పైకం వస్తుంది. లేకపోతే రాదు. ఇదంతా మాకు చెప్పింది అక్కడి నర్సు కరుణే. జగ్గయ్యపేట పిల్ల. ఏదీ దాచుకోదు.

"మీ షుగరు తగ్గితే నాకు జీతం పెరుగుతుంది టీచర్ గారూ. అందుకే ఇంతలా సతాయిస్తున్నాను, ఏమీ అనుకోకండి," అంది మొదటి రోజే.

ఈ మాట తెలిశాక గురువారాలు దవాఖాన బెంచీల మీద ఎన్ని రకాల మాటలు విన్నానో. లారీ దుర్గయ్య బాధ ఒక రకం. "నా షుగరు తగ్గితే డాక్టరుకు బోనసు, నాకేమో బిర్యాని బంద్. ఇదేడి న్యాయం టీచరమ్మా?"

"నీ కాళ్లు నీకుంటయ్ గద దుర్గయ్యా. అదే నీ బోనసు," అంది అత్తమ్మ.

ఆండాళు అనే ఆవిడకు ఇంకో అనుమానం. "మన మీద ప్రేమతోటి గాదన్నట్టు వాళ్లు ఫోన్లు చేసుడు. పైసల కోసమేనట."

"పైసల కోసమే గావచ్చు," అంది అత్తమ్మ. "నేను గూడ జీతం కోసమే బడికి పోయిన ఆండాళూ. ఎందుకొచ్చిండని ఎవడు అడుగుతడు? పాఠం చెప్పిండా లేదా, అంతే."

కరుణ పాఠం బాగానే చెప్పింది. వారానికోసారి ఫోన్ చేసి రాత్రి ఏం తిన్నారో అడిగేది. చెప్పులు విప్పించి, సన్నటి తీగ ఒకటి అరికాలికి ఆనించి, స్పర్శ తెలుస్తోందా అని చూసేది. అన్నేళ్లలో మా అత్తమ్మ పాదాలు చూసిన మొదటి మనిషి ఆ పిల్లే. అత్తమ్మ కూడా మంచి విద్యార్థిలా నడుచుకుంది. అన్నం కొలిచి తినేది. రాత్రికి జొన్నరొట్టె. పొద్దున్నే బైపాసు దాకా నడిచి వచ్చేది. చర్చిలో స్త్రీల కూటం తర్వాత లడ్డు పెడితే రుమాలులో కట్టి తెచ్చి నాకిచ్చేది. ఎనిమిదిన్నర దగ్గరున్న నంబరు ఏడు లోపుకు దిగింది. ఆ చీటీ చూసుకుని "ఫస్ట్ క్లాస్" అని, ఇంటికొచ్చే దారిలో తెలిసిన వాళ్లందరినీ ఆపి మరీ చెప్పింది. నాకు నవ్వూ వచ్చింది, గర్వంగానూ అనిపించింది. ఆ వయసులో అంత పట్టుదల నాకు ఉంటుందా అంటే చెప్పలేను.

దానికి తోడు దసరా పోయాక డాక్టరు గారే స్వయంగా ఫోన్ చేశారు. నవంబరులో షుగరు దినం నాడు సూర్యాపేటలో ట్రస్టు వాళ్లు పెద్ద సభ పెడుతున్నారట. ఊరికొక మంచి పేషెంటును పిలిచి శాలువా కప్పుతారట, మైకు ఇచ్చి అయిదు నిమిషాలు మాట్లాడమంటారట. కోదాడ నుంచి సువార్తమ్మ టీచరు. ఇక మా ఇంట్లో ఆ వారమంతా అదే ముచ్చట. మిర్యాలగూడలో ఉన్న ఆడబిడ్డ గీత, "అమ్మకు చీర నేను తెస్త వదినా, నువ్వు కొనకు," అని హుకుం జారీ చేసింది. గీత భర్త అక్కడ రైసు మిల్లులో లెక్కలు చూస్తాడు. కోతల కాలం, ఆయనకు ఊపిరి సలపని పని, అయినా సభకు సెలవు పెడతానన్నాడట. అత్తమ్మ పొద్దున నడకలో ఉపన్యాసం బట్టీ పట్టేది. ఎదురొచ్చే వాళ్లు పాపం పలకరించబోయి ఆగిపోయేవాళ్లు.

ఆ ఆదివారం టీ గొడవయిన తర్వాత వచ్చిన గురువారం, ఎప్పటిలాగే నేను ఆమెతో దవాఖానకు వెళ్లాను. మేము వెళ్లేసరికి మోతీబాయి బెంచీ మీద మా కోసం జాగా పట్టి కూర్చుంది.

మోతీబాయి ఊరి చివర తండాలో ఉంటుంది. రోజూ పొద్దున ఆకుకూరల గంపతో మా వీధికి వస్తుంది. మా అత్తమ్మకూ ఆమెకూ స్నేహం కుదిరింది షుగరు వల్లే. మొదటిసారి పరీక్ష చేసినప్పుడు మోతీబాయి నంబరు పన్నెండు దాటింది. వానాకాలంలో మేకు గుచ్చుకుని కాలి బొటనవేలు పుండయింది. కరుణ ప్రతి గురువారం ఆ పుండు కడిగి కట్టు కట్టేది. సూది ఎట్లా వేసుకోవాలో, తిన్నాకా తినకముందా, అన్నీ నేర్పింది. పుండు మానుతూ వచ్చింది. నంబరు తొమ్మిదికి దిగింది.

ఆ రోజు మోతీబాయి మొహం వెలిగిపోతోంది. "టీచరమ్మా, నన్ను గూడ సూర్యాపేటకు రమ్మన్నరు!"

"నిన్ను గూడనా?"

"అవ్ మల్ల! కరుణమ్మ నిన్న ఫోన్ జేసింది, నీకు చెప్దామనే వచ్చిన. ఇగ గీడికి రావద్దట, సూర్యాపేట పెద్ద దవాఖానకే పోవాల్నట. మా కొడుకు బిచ్చా అడుగుతుండు, నీకు గూడ శాలువా కప్పుతరా అని. ఏం కప్పరా? పన్నెండు నుంచి తొమ్మిదికొచ్చిన, మాటలా? నువ్వు పొయ్యే బస్సుకే నన్ను గూడ తోలుకపో టీచరమ్మా. నాకు ఆడ ఏం తెల్వది."

"పోదాం తియ్," అంది అత్తమ్మ సంతోషంగా. "ఇద్దరం పక్కపక్కకు కూసుందాం."

నేనూ నమ్మాను. నమ్మకపోవడానికి ఏముంది? మా ఇంట్లో వారం నుంచీ సూర్యాపేట అంటే శాలువాయే.

దుర్గయ్య మాత్రం నవ్వలేదు. మోతీబాయి నీళ్లు తాగడానికి లేవగానే అత్తమ్మ పక్కకు జరిగాడు. "టీచరమ్మా, అది శాలువా గాదు. ఎక్కువున్నోళ్లందర్నీ సూర్యాపేటకు తోలుతుండ్రు. మా తమ్మున్ని గూడ పోయిన వారమే తోలిండ్రు. నెలాఖరుకు లెక్క జూస్తరట. ఏడు దాటినోళ్లు గీడ కనబడొద్దు."

అత్తమ్మ మొహంలో నవ్వు పోవడానికి కాసేపు పట్టింది. పిలుపు రాకముందే లేచి కరుణ దగ్గరికి వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. కరుణ దూదీ కట్టు గుడ్డా సర్దుతోంది.

"కరుణా, మోతీబాయిని పంపేసింది నువ్వేనా?"

"ఫోన్ చేసింది నేనే టీచర్." ఆ పిల్ల తల ఎత్తలేదు. "చెయ్యమన్నారు, చేశాను. ఆవిడ సంతోషంతో థాంక్స్ కూడా చెప్పింది. ఏమనాలో తెలియక ఫోన్ పెట్టేశాను."

"పుండు మానిందా?"

"ఇంకో నెల కట్టు కట్టాలి. ఆపితే మళ్లీ మొదటికి వస్తుంది. షుగరున్న కాలు కదా, వేలు పోవచ్చు, పాదమూ పోవచ్చు. అదే చెప్పాను డాక్టరు గారికి." దూది డబ్బా మూత రెండుసార్లు పెట్టి తీసింది. "నన్నింక అడగకండి టీచర్."

డాక్టరు గారు మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. "రండి టీచర్ గారూ, ఉపన్యాసం రెడీనా?"

"రెడీ. మధ్యల ఒక లెక్క తెగలేదు, అడుగుదామని వచ్చిన. నేను ఎనిమిదిన్నర నుంచి ఏడు లోపుకు దిగిన. మోతీబాయి పన్నెండు నుంచి తొమ్మిదికి దిగింది. ఎక్కువ దిగింది ఎవరు?"

ఆయనకు విషయం అర్థమయింది. కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. "ఆమే. కానీ ఎంత దిగిండ్రని వాళ్లు అడగరు టీచర్. ఏడు లోపు ఉన్నరా లేరా, అదొక్కటే అడుగుతరు."

"అందుకని పంపేస్తున్నరా?"

"సూర్యాపేటల స్పెషలిస్టులున్నరు. ఆమె మంచికే."

"ఆమె మంచికే అయితే పుండు పచ్చిగున్ననాడే పంపకపోతిరి."

ఆయన కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించారు. చెడ్డ మనిషి కాదు. నిజమే చెప్పారు. "టీచర్ గారూ, మేం హద్దు మీద ఉన్నం. నలుగురైదుగురు అటో ఇటో అయితే డెబ్బై తప్పుతది. తప్పితే కరుణకు, ఇంకో అమ్మాయికి జీతం నేనెక్కడి నుంచి తేవాలె? ఫోన్లు బంద్, కాళ్లు చూసుడు బంద్. మళ్లీ పాత పద్ధతే. చీటీ రాసుడు, పంపుడు. అప్పుడు నష్టం మీ అందరికీ."

"ఆమె పరీక్షకు రాకపోతే ఏమైతది? పేరు ఉంచి పరీక్ష చెయ్యకుంటే?"

"రక్తం ఇయ్యని వాళ్లను గూడ తప్పినట్టే లెక్క కడతరు. అందుకే గద కరుణ గిన్ని ఫోన్లు చేసేది. ఈ నెల మీ అందరి పరీక్ష వచ్చే గురువారమే."

"అట్లనా," అంది అత్తమ్మ.

అంతే అంది. లేచి నమస్కారం పెట్టి బయటికొచ్చింది. గోళీలు తీసుకుంది. బొటనవేలు చుట్టూ పాత కట్టుతోనే నిలబడి ఉన్న మోతీబాయిని ఆటో స్టాండు దగ్గరికి తీసుకెళ్లి, తిప్పి చెప్పకుండా సూటిగా చెప్పింది.

"మోతీ, నిన్ను శాలువాకు పిలవలే. నీ నంబరు ఎక్కువున్నదని గీడికెళ్లి తీసేసిండ్రు."

మోతీబాయి నవ్వబోయింది. టీచరమ్మ నవ్వకపోవడం చూసి ఆగింది. "అయ్యో యాడీ," అని తండా మాటలో తల్లిని తలుచుకుంది చిన్నగా. "తండల అందరికీ చెప్పుకుంటిని గద."

"నీ తప్పేం లేదు."

"నా తప్పెట్లైతది? సూది తప్పలే, తిండి తప్పలే. మామిడిపండు ముట్టలే ఎండాకాలమంత. కాయల గంప నెత్తి మీద మోసుకుంట తిరిగి గూడ ముట్టలే, తెలుసా?" గొంతు పెరిగింది. అంతలోనే కొంగుతో మొహం తుడుచుకుని మామూలుగా అయింది. "పోనీ తియ్ టీచరమ్మా. సూర్యాపేట పోతే రోజంత ఆడనే పాయె. గంప ఎవలు అమ్ముతరు? పుండు మానింది గద, ఇంటికాడ పసుపు రాసుకుంట."

పసుపు అన్న మాట వినగానే అత్తమ్మ నా వైపు చూసింది. కరుణ చెప్పింది ఇద్దరం విన్నాం. ఆ కాలు సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇంటికి వస్తుంటే ఆటోలో అత్తమ్మ బయటికి చూస్తూ మాట్లాడింది. నాతోనేనా, తనలో తానేనా అన్నట్టు. "మా హుజూర్‌నగర్ల ఒక ప్రైవేటు బడి ఉండె చరితా. పదో తరగతిల యేటా నూటికి నూరు. గేటుకు ఇంత పెద్ద ఫ్లెక్సీ. పరీక్ష ఫీజు కట్టే నెల రాంగనే, చదువు రానోళ్ల చేతుల టీసీలు పెట్టి పంపేటోళ్లు. ఆ పిల్లలు ఎటు పోతరు? మా సర్కారు బడికొచ్చి వరండల నిలబడేటోళ్లు. నెత్తి దించుకొని."

"మీరు తీసుకునేటోళ్లా అత్తమ్మా?"

"తీసుకోక? సాయంత్రం కూసోబెట్టి మొదటికెళ్లి చెప్పేటోళ్లం. కొందరు పాసయిండ్రు, కొందరు కాలే. మా బడి శాతం ఎన్నడు అరవై దాటలే. మీటింగుల అందరి ముందట నిలబెట్టి అడిగేటోళ్లు, ఎందుకు దాటలేదని." అత్తమ్మ నా వైపు తిరిగింది. "నేను ఒక్కనాడు సిగ్గుపడలే. గిప్పుడు గా బడోళ్ల ఫ్లెక్సీ మీద నా ఫోటో ఉన్నట్టున్నది."

ఆ తర్వాత రెండు రోజులు ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఉపన్యాసం బట్టీ పట్టడం మాత్రం ఆగిపోయింది. నడకకు పొద్దునే కాక సాయంత్రమూ వెళ్లింది. ఎప్పటి కంటే ఆలస్యంగా వచ్చేది. అడిగితే, "దుర్గయ్య కలిసిండు, ముచ్చట పెట్టిన," అనేది. ఇంకోసారి ఆండాళు. మనసు బాగాలేక మనుషుల్ని వెతుక్కుంటోందేమో అనుకున్నాను. మోతీబాయి పొద్దున గంపతో వస్తే మటుకు అరుగు మీద కూర్చోబెట్టి కాలు చూసేది. నా చేత కరుణకు ఫోన్ చేయించి, కట్టు ఎట్లా మార్చాలో అడిగి తానే మార్చింది. గుడ్డ వదులు కాకుండా, బిగుసుకోకుండా, ముడి పైకి వచ్చేటట్టు కట్టింది. మూడుసార్లు విప్పి కట్టింది. మోతీబాయి, "టీచరమ్మా, ఇది పరీక్ష పేపరా?" అని నవ్వింది.

ఆదివారం మధ్యాహ్నానికి మిర్యాలగూడ నుంచి గీత దిగింది. ఒక చేతిలో చీర ప్యాకెట్టు, వెనక ఆటోవాడి భుజం మీద బియ్యం బస్తా.

"షుగరోళ్ల ఇంటికి బియ్యం తెస్తవా?" అన్నాడు మధు.

"నేను తెచ్చింది నీకు. సిమెంటు తిని తిని కడుపు గట్టిపడ్డది, జర సన్నబియ్యం తిను," అంది గీత.

చీర నెమలిపింఛం రంగుది, సన్నటి జరీ అంచు. అత్తమ్మ చేత్తో నిమిరి చూసింది. "మంచిగున్నది బిడ్డా," అంది. కట్టుకుని చూడమంటే తర్వాత అంది. ఆ "తర్వాత" వినగానే నాకు అనుమానం వచ్చింది.

నలుగురం భోజనానికి కూర్చున్నాం. కోడికూర, తోటకూర పప్పు, అత్తమ్మకు జొన్నరొట్టె. ప్రార్థన ఆమే చేసింది. గీత ఊరుకోకుండా చెబుతూనే ఉంది. సూర్యాపేటకు తన అత్తగారు వస్తోంది, తోడికోడలు వస్తోంది, మిల్లు ఓనరు కారు ఇస్తానన్నాడు.

"గీతా," అంది అత్తమ్మ. "కారు వద్దని చెప్పు. నేను సూర్యాపేటకు పోత లేను."

గీత చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. "అదేందే? పానం బాగలేదా?"

"పానం ఫస్ట్ క్లాసుంది." అత్తమ్మ రొట్టె తుంచి పప్పులో ముంచింది. మోతీబాయి సంగతి మొదటి నుంచీ చెప్పింది. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు. అప్పుడు, "వచ్చే గురువారం నా పరీక్ష ఉన్నది. నేను రక్తం ఇయ్య," అంది.

"ఇయ్యకపోతే?" అన్నాడు మధు.

"ఇయ్యకపోతే తప్పినట్టే కడతరట. డాక్టరే చెప్పిండు. నేనొక్కదాన్నే గాదు. దుర్గయ్య ఇయ్యడు. ఆండాళు ఇయ్యదు. పోస్టాఫీసుల రిటైరయిన జాన్ సారు, ఆయన భార్య ఇయ్యరు. అందరివి ఏడు లోపే. వాళ్లకు కావల్సింది నలుగురైదుగురు గద, మేం అయిదుగురం ఉన్నం. మోతీబాయి పేరు మళ్లీ ఎక్కిచ్చి కట్టు కడితే, ఆ నిమిషమే చెయ్యి చాపుతం."

అప్పుడర్థమయింది నాకు, రెండు రోజులుగా ఆమె ఆలస్యంగా ఎందుకొచ్చిందో.

"ధర్నానా అమ్మా?" మధుకు నవ్వాలో భయపడాలో తెలియలేదు.

"ధర్నా ఏంది? నినాదాలిస్తమా, రోడ్డు మీద కూసుంటమా? పోతం, బెంచీ మీద కూసుంటం, కాళ్లు చూపిస్తం, గోళీలు తీసుకుంటం. పరీక్షకు గైర్హాజరు. అంతే."

"దుర్గయ్య ఒప్పుకున్నడా? ఆయనకు సూదంటేనే భయం."

"అందుకే అందరికంటే ముందు ఒప్పుకున్నడు."

గీతకు కూడా నవ్వొచ్చింది. మధు మాత్రం ఆలోచనలో పడ్డాడు. "అమ్మా, నువ్వు చెప్పేది న్యాయమే. కానీ డెబ్బై తప్పితే ఆ పిల్ల కరుణ జీతం పోతది. మిమ్మల్నందర్నీ గింత మంచిగ చూసుకున్నది ఆ పిల్లనే గద. పంతానికి పోయి మొత్తానికే ఖతం చేసుకుంటరా?"

నా మనసులో ఉన్న ప్రశ్న కూడా అదే. అత్తమ్మ తల ఊపింది. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూసినట్టుంది.

"నిన్న పొద్దుమూకి కరుణ ఇంటికి పోయిన. ఆమెకు చెప్పకుండ చేస్తే తప్పు గద. అంత చెప్పిన. నీకు నష్టమైతదంటే మానుకుంట, నోటితోటి చెప్పు అన్న."

"ఏమన్నది?"

"బిడ్డకు అన్నం తినిపిస్తుండె, తినిపిచ్చింది. ఇగ నేను లేస్తుంటే అన్నది, గురువారం మోతీబాయి కట్టు సామాను పక్కకు తీసి పెడతాను టీచర్ అని."

మధు తన పళ్లెంలోకి చూసుకుంటూ, "పిల్లకు ధైర్యమున్నది," అన్నాడు.

"ఉండదా? తొమ్మిదికి దించింది ఆమెనే గద. మోతీబాయి ఎంత కష్టపడ్డదో కరుణ అంత పడ్డది. ఆ కష్టాన్ని గూడ వాళ్లు సున్నా కింద కట్టిండ్రు." అత్తమ్మ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "డాక్టరు ఆ ట్రస్టోళ్లకు చెప్పాలె. ఎవరు ఎంత దిగిండ్రో చూసి లెక్క కట్టమని చెప్పాలె. చెప్తడో, చెప్పడో. చెప్పే అవసరం ఆయనకు రావాలె గద ముందుగాల."

"నీ షుగరు సంగతేందమ్మా?" అంది గీత. "వాళ్లు కోపమొచ్చి నిన్ను గూడ తీసేస్తే? ఏడాది కష్టపడి తగ్గించుకుంటివి."

"తగ్గించుకున్నది నేను, దవాఖాన గోడలు గాదు. ఈ ఒళ్లు నాది, రక్తం నాది, నంబరు గూడ నాదే. తీసేస్తే సర్కారు దవాఖానల గోళీలిస్తరు, పోయి తెచ్చుకుంట. రొట్టె ఆడ తిన్నా ఇదే, ఈడ తిన్నా ఇదే."

గీత చీర ప్యాకెట్టు వైపు చూసింది. ఆమె బాధ నాకు తెలుసు. వారం నుంచీ మిర్యాలగూడలో అందరికీ చెప్పుకుంది. "మా అత్తగారోళ్లకు ఏమని చెప్పాలె ఇగ?" అంది నీరసంగా.

"ఉన్నదున్నట్టు చెప్పు. మా అమ్మను శాలువాకు పిలిస్తే పోలేదని చెప్పు. ఎందుకు పోలేదో గూడ చెప్పు. సగం చెప్పి ఊకోకు."

గీత తల్లిని కాసేపు అట్లాగే చూసింది. ఆ చూపులో అలక మెల్లగా కరిగి ఇంకేదో వచ్చింది. గీత చిన్నప్పుడు ఆ సర్కారు బడిలోనే చదివిందని మధు చెప్పేవాడు. తల్లి క్లాసులో, టీసీలు చేతపట్టుకుని వచ్చిన పిల్లల పక్కన కూర్చుని. "మా అత్త గూడ షుగరు మనిషే," అంది చివరికి. "ఇది వింటే మిర్యాలగూడల గూడ మొదలు పెడ్తది."

"పెట్టనీ."

నేను అత్తమ్మ పళ్లెంలో ఇంకో రొట్టె వేయబోయాను. చేయి అడ్డం పెట్టింది. రెండే ఆమె లెక్క. అంత పెద్ద మాటలు మాట్లాడుతూ కూడా ఆ లెక్క మరిచిపోలేదు. ఆమె కోడలినైనందుకు నాకు గర్వపడే సందర్భాలు ఇదివరకూ వచ్చాయి కానీ, ఆ రొట్టె వద్దన్నప్పుడు కలిగినంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

"నేను గూడ వస్త అత్తమ్మా," అన్నాను. "ఎంతసేపు కూసోవాల్నో తెల్వదు. మీకు టైముకు తిండి ఉండాలె గద. డబ్బాల కట్టుకొని వస్త. దుర్గయ్యగారికి గూడ."

"మోతీబాయికి గూడ," అంది అత్తమ్మ. చేయి కడుక్కోవడానికి లేస్తూ అందరి వైపూ చూసింది, హాజరు తీసుకున్నట్టు. "ఇగ ఇనుండ్రి. గురువారం పొద్దున మోతీబాయి గంప మన అరుగు మీదనే దించుతది. ఇద్దరం ఒకే ఆటోల పోతం. ముందు ఆమె కాలుకు కట్టు కడతరు, ఆమె పేరు పిలుస్తరు. గవి రెండు అయినంకనే నా చేతికి సూది."